భూమేష్ నోరు విప్పిన రోజు

ఆ శనివారం భూమేష్ ఆశ్రమం గుమ్మం దగ్గర చెప్పులు విడవలేదు, విసిరాడు. ఒకటి గోడకు తగిలి మళ్ళీ వాకిట్లోకే వచ్చి పడింది.

ఆశ్రమం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. నేతవాడ చివర ఒక రేకుల షెడ్డు. లోపల మట్టి అరుగు, గోడకు వేలాడే ఏక్‌తార. వీరేశం గురువు అక్కడే ఉంటాడు. ఒకప్పుడు మగ్గం నేసిన మనిషి. ఇప్పుడు తత్వాలు పాడతాడు, వాటి అర్థం చెబుతాడు. ముక్కు మీద కోపం. శిష్యులు ఆయన పాట కోసం వస్తారు, తిట్లు కూడా తిని పోతారు.

"మాకు అన్యాయం చేసిండ్రు గురువుగారు," అన్నాడు భూమేష్, ఇంకా కూర్చోకుండానే.

గురువు చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. "ఎవరు?"

"బడోళ్ళు. ఆ జడ్జి. మాకు రావాల్సిన ఫస్ట్ ప్రైజు ఎవనికో ఇచ్చిండ్రు."

"మాకంటే?"

"అంటే... నాకు, నా బిడ్డకు."

"వరుస అదేనా?"

ఆ మాట భూమేష్‌కు ఎక్కలేదు. కోపంలో ఉన్నవాడి చెవికి తన గొంతు ఒక్కటే వినిపిస్తుంది.

జరిగింది ఇది. భూమేష్‌కు బస్టాండు వెనక దుకాణం ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు మళ్ళీ వైండింగ్ కడతాడు. మంచి పనివాడు. అతని కూతురు మన్విత ఐదో తరగతి. బడిలో సైన్స్ ఫెయిర్ పెడుతున్నారంటే ఆ పిల్ల తాను ఇంకుడు గుంత చేస్తానంది. వాన నీళ్ళు భూమిలోకి ఎలా దిగుతాయో చూపిస్తుందట. ఇంటి వెనక కంకర ఏరుకొచ్చింది. వాళ్ళమ్మ పిండి జల్లెడ దొంగతనంగా తెచ్చి ఇసుక జల్లించింది. పాత ప్లాస్టిక్ డబ్బాకు కింద బొక్కలు పెట్టి, ఇసుక, కంకర పొరలు పొరలుగా పోసింది. పైన నీళ్ళు పోస్తే కింద తేట నీళ్ళకు బదులు బురద వచ్చింది. ఎందుకొచ్చిందో దానికి తెలియలేదు. కాసేపు డబ్బా వంక గుడ్లప్పగించి చూసి, ఇసుకంతా మళ్ళీ తీసి కడగడం మొదలుపెట్టింది.

చదువు మొదలైంది అక్కడే. సరిగ్గా అక్కడికే తండ్రి వచ్చాడు.

"ఏంది గీ చెత్త? పదిమందిల నవ్వుతరు బిడ్డా. నీకోసం నేను చేస్త. నువ్వు ఊకె నిలవడు, సాలు."

దుకాణం మూశాడు. కాలిన మోటార్లు ట్రాక్టర్లో వేసుకొచ్చిన రైతులు మూసిన షట్టర్‌ని చూసి తిట్టుకుంటూ పోయారు. పొలాలు ఎండుతుంటే ఈయన థర్మాకోల్‌తో డ్యామ్ కట్టాడు. మోటార్లతో గేట్లు లేచేలా చేశాడు, లైట్లు పెట్టాడు, కాలువల్లో నిజం నీళ్ళు పారించాడు. భార్య లావణ్యది ముత్యాల్లాంటి చేతిరాత. చార్టు ఆమె రాసింది. పిల్ల దగ్గరికొచ్చి ఒక చిన్న గేటు మీద వేలు పెట్టబోతే, "ముట్టుకోకు, ఇరుగుతది" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఇసుక డబ్బా పొద్దున్నే చెత్తబండిలో పోయింది.

ఇతనొక్కణ్ణే అని ఏం లాభం? ఈ కాలంలో బడికి పోయేది పిల్లలో, వాళ్ళ అమ్మానాన్నలో నాకు అర్థం కావడం లేదు. "మాకు ప్రాజెక్టు ఇచ్చారండీ", "మాకు ఎల్లుండి నుంచి పరీక్షలండీ" అంటూ మీసాలొచ్చిన మనుషులు స్టేషనరీ షాపుల ముందు దిగులు ముఖాలతో నిలబడతారు. పక్కింటి నాన్న తాజ్‌మహల్ కడితే ఈ ఇంటి నాన్న చార్మినార్ కట్టకపోతే పరువు పోతుంది. సిగ్గనేది ఉండాలి కదా మనిషికి! పంతుళ్ళకు తెలియదా అంటే, తెలుసు. తెలిసే నాన్నకు మార్కులు వేసి పిల్లల పేరు రాస్తారు. గోడకు అందమైన బొమ్మలు కావాలి వాళ్ళకు. అందరూ హాయిగానే ఉంటారు. తాను చేసిన డబ్బా చెత్తబండిలో పోవడం చూసిన పిల్ల సంగతి ఎవరికి కావాలి?

డ్యామ్‌కు బడిలో ఫస్ట్ వచ్చింది. మండల స్థాయికి పోయింది. అక్కడ వేరే ఊరి సైన్స్ సారు ఒకాయన జడ్జిగా వచ్చాడు. గేట్ల వంక, లైట్ల వంక చూసి, చివరికి పిల్ల వంక చూశాడు.

"ఈ గేటు ఎట్ల లేస్తది బిడ్డా? లేపి చూపెట్టు."

మన్విత చేతులు వెనక్కి కట్టుకుంది. "మా నాన్నను అడుగుండ్రి సార్. నన్ను ముట్టుకోనియ్యలే."

జడ్జి తల ఊపి పక్కకు తిరిగాడు. ఆ పక్క బల్ల మీద వంకర టింకర అట్టముక్కలతో గాలిమర చేసి, అది ఆగిపోయినప్పుడల్లా నోటితో ఊదుతున్న పిల్లవాడికి ప్రైజు ఇచ్చి పోయాడు.

భూమేష్ నిప్పు తొక్కిన కోతి అయ్యాడు. జడ్జితో కొట్లాడాడు. హెడ్మాస్టరుతో కొట్లాడాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నాడు. ఎవరూ వినకపోయేసరికి, అంతమంది ముందు పిల్ల మీద పడ్డాడు.

"నోట్లె బెల్లం పెట్టుకున్నవా? ఒక్క ముక్క చెప్పరాలేదా? నా ఇజ్జత్ తీసినవ్ గదనే!"

మన్విత ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఆనాటి నుంచి ఆ పిల్లకు ఒకటే మాట. బూట్ల లేసు కట్టుకో అంటే, నాకు రాదు. జడ వేసుకో అంటే, నాకు రాదు. లెక్క చెయ్యి అంటే, నాకు రాదు. సైకిల్ చైన్ పడిపోతే తానే ఎక్కించుకుని చేతులు గౌనుకు తుడుచుకునే పిల్ల, ఇప్పుడు పెన్సిల్ విరిగితే విరిగిన పెన్సిల్ పట్టుకుని అలాగే కూర్చుంటోంది. బొమ్మల క్లాసులో తెల్ల కాగితం తెల్లగానే ఇచ్చి వచ్చింది. పిల్లను డాక్టరుకు చూపించమని టీచరమ్మ కబురు పంపింది.

ఇదంతా భూమేష్ గురువుకు చెప్పాడు. కానీ ఎలా చెప్పాడు? ప్రైజు సంగతి గంట చెప్పి, చెప్పులేసుకోబోతూ ఈ సంగతి చెప్పాడు.

"ఇగ ఇంట్ల ఈమె ఒకతి. ఏం చెప్పినా నాకు రాదంటది. ఒట్టి మొండిది. మీరన్న గట్టిగ చెప్పుండ్రి గురువుగారు. అంత చేసిన, అంతా దానికోసమే చేసిన."

గురువు చేతిలో చిక్కుడుకాయ ఆగింది. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. చుట్టూ కూర్చున్న శిష్యులు తలలు దించుకున్నారు, ఇక పిడుగు పడుతుందని. గురువు కాయను రెండుగా విరిచి గిన్నెలో వేశాడు.

"మాఘ పున్నానికి మా గురువుగారి ఆరాధన ఉన్నది గద," అన్నాడు. "ఈ ఏడు నువ్వు నోరు విప్పు."

భూమేష్ నమ్మలేకపోయాడు.

ఆ ఆశ్రమంలో ఒక కట్టుబాటు ఉంది. కొత్తగా చేరినవాళ్ళు వంత మాత్రమే పాడాలి. గురువు పాడింది తిరిగి పాడాలి, సొంతంగా పెదవి కదపకూడదు. ఏళ్ళు గడిచాక, గురువుకు ఎప్పుడు అనిపిస్తే అప్పుడు, ఆరాధన నాడు ఒక శిష్యుణ్ణి అరుగెక్కిస్తాడు. అతను ఒక్కడే నిలబడి ఒక తత్వం పాడి, దాని అర్థం తనకు తోచినట్టు చెప్పాలి. దాన్నే నోరు విప్పడం అంటారు. అది అయిన రోజు నుంచి అతను వంతవాడు కాదు, పాడేవాడు. తనకంటే వెనక వచ్చినవాళ్ళు అరుగెక్కుతుంటే కింద కూర్చుని తాళం వేసిన భూమేష్‌కు ఆ బాధ తెలుసు.

"బిడ్డను తీస్కరా ఆ దినం," అన్నాడు గురువు.

భూమేష్ కాళ్ళ మీద పడ్డాడు. ప్రైజు, జడ్జి, అన్నీ మరిచిపోయాడు. పిల్లను ముందే మరిచిపోయాడు.

గురువు ఇచ్చిన తత్వం చిన్నది.

తిరిగేటి బొమ్మ నీ కంటబడెగాని
తాకకుండ తిప్పేటి జాణెవ్వడో

దుకాణంలో రాగి తీగ చుట్టుకుంటూ భూమేష్ అదే పాడుకున్నాడు. గొంతు బాగుండదు అతనికి, పైకి పోతే చీలుతుంది. అయినా పాడాడు. అర్థం కోసం తల బద్దలు కొట్టుకున్నాడు. ఒకరోజు కాలిన మోటారు ఒకటి విప్పుతుంటే, చేతిలో స్పానర్ అలాగే ఉండగా, అర్థం తట్టింది. పుస్తకంలో దొరికేది కాదు, ఎవరో చెప్పిందీ కాదు. అచ్చంగా తనది. సంతోషంతో ఒక్కడే నవ్వుకున్నాడు. లావణ్యకు కూడా చెప్పలేదు. ఆరాధన నాడే చెప్పాలని దాచుకున్నాడు.

మాఘ పున్నమి నాడు షెడ్డు కిక్కిరిసింది. చుట్టుపక్కల ఊళ్ళ శిష్యులు వచ్చారు. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో లావణ్య, పక్కన మన్విత కూర్చున్నారు. భూమేష్ తెల్ల లాల్చీ వేసుకుని, ఏక్‌తార పట్టుకుని అరుగెక్కాడు.

అతని వెనకే గురువు కూడా ఎక్కాడు.

అలా ఎప్పుడూ జరగలేదు. సరే, ఆశీర్వాదానికేమో అనుకున్నాడు భూమేష్. కళ్ళు మూసుకుని మొదటి మాట అందుకున్నాడు.

"గట్ల కాదు, కొద్దిగ పైకి," అన్నాడు గురువు, తానే పైకి పాడి చూపిస్తూ.

భూమేష్ మళ్ళీ అందుకున్నాడు. గురువు అతనితో కలిసి పాడాడు. తర్వాత అతని కంటే గట్టిగా పాడాడు. "ఇటియ్యి, నువ్వు పట్టుకుంటే జారుతది" అని ఏక్‌తార లాక్కున్నాడు. రెండో పాదానికి వచ్చేసరికి షెడ్డులో ఒకే గొంతు ఉంది. అది భూమేష్‌ది కాదు. అతను నోరు సగం తెరుచుకుని నిలబడ్డాడు. అరుగెక్కి కూడా వంతే పాడుతున్నాడు.

పోనీ, అర్థమైనా మిగిలింది కదా అనుకున్నాడు. పాట కాగానే గొంతు సవరించుకున్నాడు. "మా దుకాణంల మోటర్ ఉంటది..."

"ఏంది గీ చెత్త?" అన్నాడు గురువు మెల్లగా. "ఆరాధనల మోటర్ ఏందిరా? పదిమందిల నవ్వుతరు. నీకోసం నేను చెప్త. నువ్వు ఊకె నిలవడు, సాలు."

ఇక జనం వైపు తిరిగి, "మా భూమేష్ చెప్పేది ఏందంటే" అని మొదలుపెట్టాడు. జీవుడన్నాడు, దేవుడన్నాడు, మాయ అన్నాడు, అచలం అన్నాడు. ఎంత బాగా చెప్పాడంటే, వెనక వరసలోని ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. చెప్పినంతసేపూ భూమేష్ పక్కన గుంజలా నిలబడ్డాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

ముందు వరసలో మన్విత తలెత్తి తండ్రి చేతుల వంక చూసింది.

అంతా అయ్యాక గురువు భూమేష్ మెడలో దండ వేశాడు. భుజాల మీద శాలువా కప్పాడు. జనానికి అతణ్ణి చూపించి, "ఎట్ల పాడినం మేము?" అన్నాడు. షెడ్డంతా చప్పట్లతో మోగింది.

ముసలి శిష్యురాలు లచ్చవ్వ అరుగు దగ్గరికి వచ్చి భూమేష్ గడ్డం పట్టుకుంది. "మస్తు చెప్పినవ్ కొడుకా. నీ నోట్ల సరస్వతి ఉన్నది."

పుండు మీద కారం చల్లినట్టయింది. భూమేష్ శాలువా లాగి కింద కొట్టాడు.

"నేను చెప్పలే!"

చప్పట్లు ఆగిపోయాయి. గురుద్రోహం అని ఎవరో గొణిగారు.

"నేను పాడలే, నేను చెప్పలే! అంతా మీరే చేసిండ్రు. నా మెడల దండెందుకు?"

"నీ పేరే చెప్పిన గదరా," అన్నాడు గురువు.

"నాకెందుకా పేరు? యేండ్ల సంది వంత పాడుకుంట కూసున్న. ఒక్క దినం, ఒక్క ముక్క ఇది నాది అని చెప్పుకుందామంటే నోరు మూసిండ్రు! గొంతు చీలితే చీలనియ్యరాదు? నవ్వెటోళ్ళను నవ్వనియ్యరాదు? నా తప్పు నాది గద!"

"నీకోసమే చేసిన."

"నాకోసం కాదు! మీ ఇజ్జత్ కోసం చేసిండ్రు! మీ శిష్యుడు తప్పు పాడితే మీకు నామోషీ!"

శిష్యులు ఇద్దరు ముగ్గురు అతణ్ణి దించడానికి లేచారు. గురువు చెయ్యెత్తి ఆపాడు. ఆయన కళ్ళు కూడా నిప్పుల్లానే ఉన్నాయి.

"సరె. అయితే ఏందిరా నీ అర్థం? చెప్పు. అరిచి చెప్పు."

భూమేష్ నిజంగానే అరిచాడు.

"మోటర్ల తిరిగేది రోటర్. అది నడుమ ఉంటది. తిప్పేది వైండింగ్. అది చుట్టూత ఉంటది. రెంటి నడుమ వెంట్రుకంత సందు ఉంటది. వైండింగ్ ఎప్పుడు గూడ రోటర్‌ను ముట్టుకోదు. ముట్టుకోకుంటనే తిప్పుతది. ఆ సందు ఉన్నది గాబట్టే అది తిరుగుతది. ఆ సందు పోయి ముట్టుకున్నదనుకో..."

ఆగిపోయాడు.

అతని కళ్ళు ముందు వరస మీద పడ్డాయి. లావణ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మన్విత అతణ్ణే చూస్తోంది. నవ్వడం లేదు, భయపడటం లేదు. ఆ ఎర్రబడ్డ చెవులు, వెనక్కి కట్టుకున్న చేతులు ఎలా ఉంటాయో తనకు తెలుసన్నట్టు చూస్తోంది.

"ఊఁ," అన్నాడు గురువు. "ముట్టుకుంటే?"

"కాలిపోతది," అన్నాడు భూమేష్. ఆ మాట పక్కవాళ్ళకు కూడా సరిగ్గా వినపడలేదు.

గురువు వంగి శాలువా తీసి దులిపి, మడతపెట్టి అరుగు మీద పెట్టాడు.

"ఇప్పుడు విప్పినవ్ నోరు. దిగు. బువ్వ తిందాం."

పంక్తిలో మోదుగాకుల విస్తళ్ళు వేశారు. భూమేష్‌ను గురువు తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. భూమేష్ అన్నం కలుపుతున్నాడు కానీ ముద్ద ఎత్తడం లేదు. పప్పు అయింది, చారు అయింది. మజ్జిగ వేళకు గురువు వడ్డించేవాళ్ళను ఆపి, స్తంభం దగ్గర నిలబడ్డ మన్వితను పిలిచాడు.

"నాకు సల్ల పొయ్యి బిడ్డా."

"నాకు రాదు తాతా."

"రాకుంటే రాలే. పొయ్యి."

మన్విత తల్లి వంక చూసింది. లావణ్య చెంబు వైపు చూపించింది. పిల్ల నిండు చెంబు రెండు చేతులతో ఎత్తింది. చెంబు బరువుకు చేతులు వణికాయి. నడిచి వస్తుంటేనే మజ్జిగ తొణికి పాదాల మీద పడింది. విస్తరి దగ్గరికి వచ్చి వంగింది. చెంబు ఒక పక్కకు ఒరిగిపోయింది.

భూమేష్ చెయ్యి దానంతట అదే లేచింది. అది చెంబును అందుకునే లోపే గురువు ఎడమ చేత్తో అతని మణికట్టు పట్టుకుని నేలకు అదిమాడు. ఆ ముసలి చేతిలో అంత బలం ఉందని భూమేష్ అనుకోలేదు.

మజ్జిగ ముందు గురువు మోకాలి మీద పడింది. తర్వాత పంచె మీద పడింది. పిల్ల పెదవి కరుచుకుని చెంబును సర్దుకుంది. ఈసారి ధార విస్తట్లోకి దిగింది. కానీ ఆపడం దానికి తెలియలేదు. అన్నం తేలింది, విస్తరి నిండి మట్టి మీదికి కారింది. భూమేష్ చెయ్యి గురువు పట్టులో గట్టిగా గుంజుకుంది. మరోసారి గుంజుకుంది. ఆ తర్వాత గుంజుకోలేదు.

పిల్ల చెంబును నిటారుగా నిలబెట్టింది. ధార ఆగింది. తడిసిన పంచె వంక, కారుతున్న విస్తరి వంక చూసి తిట్ల కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

గురువు ఒక జుర్రు జుర్రాడు.

"ఇంకింత పొయ్యి," అన్నాడు.